వెలిగొండ నీరును గ్రామ శిక్షణమును

కేంద్ర ప్రభుత్వమువారి 2025-26వ సంవత్సరపు ఆదాయవ్యయ పట్టికలో, హైదరాబాదు రాజేంద్రనగరమునందలి జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ పేరునకెదుట ఒక్క లక్ష రూపాయల పద్దు మాత్రమే కానవచ్చెను. కోట్లలో నుండిన పద్దు లక్షకు దిగుటతో, ప్రభుత్వము ఈ సంస్థ భారమును వదిలించుకొనదలచినదను ఆందోళన బయలుదేరెను. పత్రికలలో చర్చయు జరిగెను. లక్ష రూపాయలతో అంత పెద్ద సంస్థ నడువదని ఎల్లరును ఎరిగినదే. కాని ఆ చర్చలో అంతగా వినరాని ప్రశ్న యొకటి మాకు ముఖ్యముగా తోచుచున్నది. ఇట్టి సంస్థవలన గ్రామమునకు ఏమి కలిగినది? ఇకమీద ఏమి కలుగవలెను? దీనికి సమాధానము రాజేంద్రనగరపు తోటలలో దొరకదు. నల్లమల నీడన నుండియు వానకై ఆకాశమువంక చూచు మార్కాపురము, గిద్దలూరు, యర్రగొండపాలెము, కనిగిరి సీమలలో దానిని వెదకవలెను.

ఈ సంస్థ ఆకసమునుండి ఊడిపడినది కాదు. పల్లెను బాగుచేయగోరువాడు ముందుగా పల్లెను చదువవలెనను భావము స్వరాజ్యోద్యమముతోపాటు మనదేశమున పెరిగినది. 1922లో రవీంద్రనాథ ఠాకూరుగారు సురుల్ గ్రామమున శ్రీనికేతనమును నెలకొల్పిరి. 1946లో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానిగా నుండినప్పుడు ఫిర్కాభివృద్ధి పథకము మొదలిడబడినది. 1952 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, సమాజాభివృద్ధి పథకము దేశమున ప్రారంభమైనది. బ్లాకులు ఏర్పడినవి, గ్రామసేవకులు పల్లెలకు పోయిరి. అయితే ఆ సేవకులకు నేర్పువారెవరు? వారు చేసినపని ఫలించినదో లేదో నిష్పక్షపాతముగా చూచి చెప్పువారెవరు? ఈ రెండు కొరతలను తీర్చుటకే 1958లో ముస్సోరీయందు ఒక అధ్యయన పరిశోధన సంస్థ స్థాపింపబడి, తరువాత హైదరాబాదునకు తరలివచ్చినది. అదియే 1977లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థయై, 2013లో పంచాయతీరాజ్ అను మాటను తన పేరున చేర్చుకొన్నది. నేర్పువారికి నేర్పుట, జరిగినదానిని పరీక్షించుట: ఈ రెండే దాని పుట్టుకకు కారణములు. ఈ రెండింటి అవసరము నేటికిని తీరలేదు.

ఆ సంస్థ చేసిన మేలును మేము కాదనము. దేశపు నలుమూలలనుండి అధికారులును, పంచాయతీల పెద్దలును అక్కడకు వచ్చి నేర్చుకొనిపోయిరి. 1999లో నెలకొల్పబడిన గ్రామీణ సాంకేతిక ఉద్యానమునందు తక్కువ ఖర్చుతో ఇండ్లు కట్టు విధానములను, చేతిపనులను కన్నులకు కట్టినట్లు చూపుచు వచ్చిరి. అయినను పల్లెవాని ఫిర్యాదు ఒకటి కలదు. శిక్షణము పొందినది అధికారి. ఆయన బదిలీయై పోవును. పరిశోధన జరిగినది మన పొలమున. దాని ఫలితము ఆంగ్లమున అచ్చై బీరువాలో నుండును. తన యూరి నీటిని గూర్చి శాస్త్రజ్ఞులు ఏమి వ్రాసిరో ఆ యూరి రైతు ఎరుగడు. ఇది ఒక్క సంస్థ లోపము కాదు, మన విద్యావిధానమునకంతకును పట్టిన జాడ్యము. కాని గ్రామముపేర పుట్టిన సంస్థకు ఇది మరింత తగనిది.

పశ్చిమ ప్రకాశమునకు ఇది ఎట్లు తగిలినదో చూతము. 1970లో కర్నూలునుండి మార్కాపురము, గిద్దలూరు సీమలను, నెల్లూరునుండి కనిగిరి, పొదిలి, దర్శి సీమలను, గుంటూరునుండి ఒంగోలు భాగమును కూర్చి ఒక జిల్లా చేసిరి. 1972లో దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. మూడు జిల్లాల అంచులు కలిసి ఒక జిల్లా యైనవి. అంచున నుండినవాని కష్టము మాత్రము అంచుననే నిలిచినది. తూర్పున సముద్రము, కాలువ, పొగాకు వ్యాపారము కలవు. పడమట గుండ్లకమ్మ, సగిలేరులు వానకాలమున పొంగి వేసవిలో ఇసుకయై మిగులును. కంది, సజ్జ, మిరప, ప్రత్తి వానదేవుని దయమీద పండవలసినవే. బోరు వేసినవాడు ఒకయేడు నవ్వి మరుసటియేడు అప్పులపాలగుచున్నాడు. కూలిజనము హైదరాబాదునకు, బెంగుళూరునకు వలసపోవుచున్నది. తెలుగు బిడ్డలెందరో మార్కాపురపు పలకమీదనే ఓనమాలు దిద్దిరి. దేశమునకు పలకలు పంపిన ఈ సీమకు, తన బ్రతుకునకు కావలసిన విద్యను తెచ్చి యిచ్చినవారు అరుదు.

పరిశోధన ఒక్కటే చాలదనుటకు ఈ సీమయందే గొప్ప నిదర్శనము కలదు. 1937లో మద్రాసు గిండీయందలి కింగ్ సంస్థకు చెందిన హెచ్. ఇ. షార్ట్, సి. జి. పండిట్, టి. ఎన్. ఎస్. రాఘవాచారిగారలు నాటి నెల్లూరు జిల్లా పల్లెలను పరీక్షించి, పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసి, నడుములు వంగి మనుష్యులు కృశించుటకు త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి సీమలే 1970లో ఏర్పడిన జిల్లాలో పడమటి భాగములైనవి. మనదేశమున ఈ వ్యాధినిగూర్చి వెలువడిన తొలి శాస్త్రీయ పరిశోధనలలో ఇది యొకటి. పిమ్మట నాగపురమునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటికయు సున్నమును కలిపి ఆ విషమును నీటినుండి తీయు పద్ధతిని కనిపెట్టిరి. అది నల్లగొండ పద్ధతి యను పేర ప్రసిద్ధమైనది. వ్యాధి కారణము తెలిసినది, విరుగుడును తెలిసినది. అయినను ఎనుబదియేండ్లు గడచిన పిదప గూడ కనిగిరి ప్రాంతపు పల్లెలలో వంగిన నడుములు కానవచ్చుచున్నవన్న, లోపమెక్కడ? లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదను ముక్క ప్రతి గృహిణికిని తెలిసి, తన బావినీటిని పరీక్షింపజేసికొను వాడుక ప్రతి పంచాయతీకిని అలవడి, శుద్ధియంత్రము చెడినపుడు బాగుచేయగల యువకుడు ఊరనే ఉండి యుండిన, ఈ కథ వేరుగా నుండెడిది. శాస్త్రము గిండీనుండి బయలుదేరినది గాని, పల్లె వాకిటికి చేర్చు బండి లేకపోయినది. ఆ బండియే శిక్షణము.

శిక్షణము పల్లెకు వచ్చినప్పుడు ఏమి జరుగునో తెలుపు మంచి నిదర్శనమును మనయొద్దనే కలదు. 2010వ సంవత్సరము వరకు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి తోడ్పాటుతో, ప్రకాశము మొదలుగా ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భజలమును కనిపెట్టుకొను పథకమొకటి స్వచ్ఛంద సంస్థలద్వారా నడచినది. ఆరువందలకు పైబడిన పల్లెలలో రైతులు, స్త్రీలు గూడ, వానకొలతపాత్రలో వానను కొలిచిరి; నియమముగా బావులలో నీటిమట్టమును చూచి గోడలమీద వ్రాసిరి. వానకాలము ముగియగానే ఊరివారందరును కూడి, భూమిలోనికి దిగిన నీరెంత, వేయదలచిన పైరులకు కావలసినదెంత అని లెక్కకట్టిరి. జమకంటె ఖర్చు హెచ్చైనచోట పెక్కురు వరిమడిని తగ్గించి ఆరుతడి పైరులకు మరలిరి. వారిని నిర్బంధించిన చట్టము లేదు, జుల్మానా లేదు. తన నీటిపద్దు తాను చూచుకొన్న రైతు తనంతట తానే చేయిబిగించెను. పట్టములేని రైతులు పరిశోధకులైరి. ప్రపంచ బ్యాంకువారు సైతము ఈ పనిని గమనించి వ్రాసిరి. ఇట్టి పని పథకముతో పుట్టి పథకముతో ముగియకుండ నిలుపుటకే శాశ్వతమైన ప్రజాసంస్థ కావలెనని మేమనుచున్నాము. దాత వచ్చును, పోవును, సంస్థ నిలువవలెను.

ఇప్పుడు ఈ మాట ఎత్తుటకు కారణము వెలిగొండ. ప్రజానాయకుడు పూల సుబ్బయ్యగారి పేరుగల ఈ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగినది. శ్రీశైలము జలాశయమునుండి కృష్ణవరద నీటిని నల్లమల కొండలను తొలిచిన రెండు సొరంగములద్వారా తెచ్చి, కొండల నడుమ నల్లమల సాగరమున నిలిపి, ప్రకాశము, నెల్లూరు, కడప సీమలలో సుమారు 4,47,000 ఎకరములకు పారించుట దీని యుద్దేశము. ఒక్కొక్క సొరంగము 18 కిలోమీటర్లకు పైబడిన పొడవు గలది. 2024 మార్చి 6వ తేదీన సొరంగములు జాతికి అంకితము చేయబడినవి; నాటికి పొలములకు నీరు పారలేదు. సొరంగము పూర్తియగుట వేరు, మడవకు నీరు వచ్చుట వేరు. కాలువలు త్రవ్వవలెను, ముంపునకు లోనైన గ్రామముల వారికి న్యాయముగా ఇండ్లును జీవనమును చూపవలెను. ఈ జాప్యమునుగూర్చి ఎన్నికల వేదికలమీద ఎన్నో మాటలు వినుచు వచ్చితిమి. వినబడని మాట ఒక్కటే: నీరు వచ్చిననాడు దానిని వాడుకొన నేర్చినవారెందరు?

తరతరములుగా మెట్టసేద్యమెరిగిన రైతునకు కాలువసేద్యము కొత్తవిద్య. ఎర్రనేలకు ఎంత తడి, నల్లనేలకు ఎంత తడి యని తెలియకుండ పారించిన నీరు మేలు చేయదు. మురుగు నిలిచి, చౌడు పుట్టి, నేల చెడును. ఎగువవాడు వరి వేసిన దిగువవానికి కాలువ గట్టు మాత్రమే మిగులును. ఇది మా ఊహ కాదు. 1967లో నీరు వదలబడిన నాగార్జునసాగరపు కుడికాలువ చివర ఇదే జిల్లాలో నున్నది. దర్శి, అద్దంకి వైపుల చివరి భూముల వారు కాలువ చెంతనుండియు నీటికై అధికారుల చుట్టు తిరిగిన సంవత్సరములెన్నో. వెలిగొండ క్రింద మరియొక చివరి సీమ పుట్టనిండునా? 1997లో రాష్ట్ర శాసనసభవారు చట్టము చేసి పదివేలకు పైబడిన నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచిరి. ఉద్దేశము ఉత్తమమైనది. కాని ఎన్నిక జరిగినంత వేగముగా విద్య అబ్బలేదు. నీటిలెక్క తెలియని సంఘము గుత్తదారుల కూటమిగా మారుట సులభము. అట్లు మారకుండవలెనన్న సంఘము పుట్టకముందే సభ్యులు శిక్షితులు కావలెను. నీటికి ముందు శిక్షణము రావలెనను మా వాదమున సారమింతే.

ఈ విద్య మన నేలకు పరాయిది కాదు. నల్లమల కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర ప్రభువుల కాలమున నిర్మించిన కంభము చెరువు నేటికిని నిలిచియున్నది. సుమారు పదివేల యెకరముల ఆయకట్టు గల ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ప్రపంచ వారసత్వ కట్టడములలో చేర్చిరి. చెరువును రాజులు కట్టించియుండవచ్చును. దానిని శతాబ్దములు నడిపినది తూము తెరచు వేళను, వంతును ఎరిగిన గ్రామమే. ఎవని మడికి ఎన్ని గడియలు నీరో నీరుగంటికి తెలియును. అతని మాటకు మోతుబరియు తలయొగ్గెడివాడు. ఆ కట్టుబాటు సడలిన పిమ్మట చెరువుల గతి ఏమైనదో పూడిన చెరువులే చెప్పుచున్నవి. కాబట్టి కొత్తసంస్థ పల్లెకు వచ్చినది పాఠము చెప్పుటకు మాత్రమే కాదు, పాఠము వినుటకు గూడ అని ఎరుగవలెను. కంభమునందలి పాతలెక్కను, శాస్త్రజ్ఞుని కొత్తలెక్కను ఒకచోట చేర్చినప్పుడే పరిశోధనయను మాటకు అర్థము.

ఇక మా సూచనలు. 2025 సంవత్సరాంతమున మార్కాపురము కేంద్రముగా కొత్త జిల్లా నేర్పరచుటకు రాష్ట్ర ప్రభుత్వము నిశ్చయించినది. కొత్త జిల్లా యనగా కొత్త కచేరీలు, కొత్త కుర్చీలు మాత్రమే కారాదు. ఈశాన్య రాష్ట్రముల పరిస్థితులు ప్రత్యేకములని తలచి రాజేంద్రనగరపు సంస్థ 1983లో గౌహతియందు శాఖను తెరచినది. వర్షాభావ ప్రాంతముల పరిస్థితులు అంతకంటె తక్కువ ప్రత్యేకములా? వెలిగొండ ఆయకట్టునకు నడుమనున్న మార్కాపురమున అట్టి శాఖ యొకటి వెలయవలెను. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు శిక్షణ పరిశోధన సంస్థలలో ననేకములు హైదరాబాదుననే యుండిపోయినవి. ఆ లోటును పూరించు బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు రెంటిమీదను కలదు. తొలుత భవనము కావలెనని కూర్చుండవద్దు. ఒక అద్దెయింట, నలుగురు మంచి యుపాధ్యాయులతో పని మొదలుపెట్టవచ్చును.

ఆ శాఖయందు విద్యార్థులు ఎవరు? కాలువక్రింద భూమి రానున్న రైతులు, మహిళాసంఘముల సభ్యురాండ్రు, పంచాయతీ సభ్యులు, ముంపున ఊరు కోల్పోయి కొత్తబ్రతుకు వెదకుకొను కుటుంబములవారు, నల్లమల చెంచులు. ఉపాధ్యాయులు ఎవరు? దర్శి కృషి విజ్ఞాన కేంద్రపు శాస్త్రజ్ఞులు మొదలు, నీటిలెక్క వ్రాసిన రైతులు, కంభము ఆయకట్టు పెద్దలు. పాఠము తెలుగున జరుగవలెను; ప్రతి పరిశోధన ఫలితమును అది జరిగిన యూరిలో తెలుగున చదివి వినిపింపవలెను. ఇంతమందికి శిక్షణ యిచ్చితిమను సంఖ్య మాకు వలదు. ఒక సంవత్సరమైన పిమ్మట ఆ యూరికి పోయి, ఎందరు బావినీరు పరీక్షింపజేసికొనిరి, ఎన్ని యెకరములు ఆరుతడికి మారినవి, చివరిమడికి నీరు చేరినదా అని చూచి, ఉన్నదున్నట్లు ప్రకటించవలెను. విఫలమైన పనిని విఫలమని వ్రాయగల స్వాతంత్ర్యము ఆ సంస్థకు ఉండవలెను. అది లేనినాడు పరిశోధన ప్రభుత్వ ప్రకటనకు మారుపేరగును.

ఇట్టి పని విశ్వవిద్యాలయములు, స్వచ్ఛంద సంస్థలు, వ్యాపార సంస్థలు చేయలేవా, ప్రభుత్వధనమెందుకని కొందరు ప్రశ్నింతురు. చేయగలిగినవారు చేయుదురు గాక, సంతోషమే. కాని విత్తనము అమ్మువాడు ఆ విత్తనము వలదని శిక్షణములో చెప్పునా? బోరు వేయువాడు భూగర్భజలపు పద్దు చదువునా? ఫీజు చెల్లింపలేని చెంచుబిడ్డను, కౌలురైతును ఎవరు పిలుతురు? లాభాపేక్ష లేక, అధికార పక్షమునకు వెరవక, పేదవాని వాకిటికి పోగల సంస్థ ప్రజలధనముతో నడచునదే కావలెను. ప్రాజెక్టునకై వేలకోట్లు వెచ్చించుచు, ఆ నీటిని వాడుట నేర్పుటకు లెక్కచూచుట, ఎద్దునుకొని పలుపునకు బేరమాడుట వంటిది.

మా పాఠకులలో భూవసతిగలవారును, పట్టణపు విద్యావంతులును పెక్కురు కలరు. వారికిని ఒక మాట. ప్రభుత్వమే అన్నియు చేయవలెనని చేతులు ముడుచుకొని కూర్చుండుట స్వరాజ్య లక్షణము కాదు. మార్కాపురము, గిద్దలూరు పట్టణములలోని ఉన్నత పాఠశాలలు వానకొలతపాత్రలు పెట్టి పిల్లలచేత లెక్క వ్రాయింపవచ్చును. పెద్దరైతు తన బావిని ఊరి కొలతబావిగా నీయవచ్చును. పొరుగువాని బోరుప్రక్కన మరియొక బోరు దింపకుండుటయు ఆయన చేయగల దానమే. న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు నెలకొకదినము పల్లెకు పోయి నీటినిగూర్చి, ఆరోగ్యమునుగూర్చి చెప్పవచ్చును. ఊరివారు కదలిననాడు సంస్థను మూయుటకు ఏ ప్రభుత్వమును సాహసింపదు. ఊరు కదలనినాడు ఎంతధనమిచ్చినను సంస్థ బ్రతుకదు.

రాజేంద్రనగరపు సంస్థను నిలుపవలెనని మేము నిశ్చయముగా కోరుచున్నాము; పల్లెకు తరలవలెనని అంతకంటె గట్టిగా కోరుచున్నాము. కొండను తొలుచుటకు పాతికేండ్లకు పైగా పట్టినది. మనుష్యులను సిద్ధపరచుటకు అంతకాలము పట్టదు. కాని అది నేడు మొదలు కావలెను. సొరంగమునుండి నీరు దిగిననాటికి మార్కాపురపు రైతు మడవ పట్టుకొని, లెక్కయెరిగి, పొరుగువానితో పొత్తు కుదుర్చుకొని నిలిచియుండవలెను. అట్లు నిలిపిన సంస్థకు ఆదాయవ్యయ పట్టికలో ఎన్ని లక్షలో, ఎన్ని కోట్లో అడుగు అవసరము మరి యుండదు. ఆ రైతే దాని పక్షమున సాక్ష్యము పలుకును.